నారాయణగూడలో కుడికి తిరిగాను

నేను హైదరాబాద్ వెళ్లింది సరదాకు కాదు. తిరిగొచ్చాక మా భీమిలిలో ప్రతి ఒక్కరూ "చార్మినార్ చూశావా?" అని అడుగుతున్నారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. చూడలేదు. హుస్సేన్ సాగర్ కూడా ఆటోలోంచి ఒక పక్కన మెరిసిందంతే. నేను చూసింది అశోక్‌నగర్, నారాయణగూడ, చిక్కడపల్లి. మూడూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న పేటలు. అక్కడ నాకేం పని అని అడిగినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నా వృత్తి ఫుట్‌బాల్. పదేళ్లకు పైగా జీతం తీసుకుని ఆడుతున్నాను. ఒడిశాలో, గోవాలో, తమిళనాడులో, చివరికి కేరళలో. ఎక్కడ ఆడినా వెనక వరుసే, డిఫెండర్‌నే. స్కూల్లో మా పీఈటీ మాస్టారు "పొడుగ్గా ఉన్నావు, వెనక్కెళ్లి నిలబడు, ఎవరికీ అడ్డం రాకు" అని పంపిన చోటే నిలబడి, అడ్డం రావడాన్నే బతుకుతెరువు చేసుకున్నాను. ఆయన ఇప్పుడు "సింహాచలాన్ని తయారు చేసింది నేనే" అని చెప్పుకుంటున్నారట. చెప్పుకోనివ్వండి. అడ్డం రాకన్న మాట మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది.

డిఫెండర్ల సంగతి తెలియనివాళ్లకు ఒక్క మాట. గోల్ పడితే మా తప్పు, పడకపోతే గోల్‌కీపర్ గొప్ప. కిందటి సీజన్‌లో ఒక మ్యాచ్‌లో, పక్కనుంచి దూసుకుపోతున్న అమ్మాయి వెంట కుడికాలి మీద గిరుక్కున తిరగబోయాను. మోకాలి లోపల లిగమెంటు తెగింది. నన్నెవరూ తాకలేదు. తాకి ఉంటే తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేది. నన్ను స్ట్రెచర్ మీద మోసుకెళ్తుంటే మైకులో నా పేరు చెప్పలేదు, నా బదులు దిగుతున్న పిల్ల పేరు చెప్పారు.

ఆపరేషన్ అయింది. నెలల తరబడి వ్యాయామాలు చేశాను. కొత్త సీజన్ దగ్గర పడుతుండగా క్లబ్ మేనేజరు ఫోన్ చేశాడు. "హైదరాబాద్‌లో మేం నమ్మే ఫిజియో ఒకరున్నారు. ఆమె సరేనంటే వచ్చి సంతకం పెట్టు. లేదంటే ఆ పిల్లతోనే నడిపించుకుంటాం." ముప్పై దాటిన డిఫెండర్‌కు ఇంకో క్లబ్ ఎక్కడ దొరుకుతుంది? సరేనన్నాను. తరువాత ఫిజియో పేరు చెప్పాడు. రజిత.

ఆ పేరు నేను తొమ్మిదేళ్లుగా మరిచిపోలేదు. ఒకప్పుడు రాష్ట్రాల మధ్య జరిగిన పోటీలో ఆమె తెలంగాణ ఫార్వర్డ్, అంటే గోల్స్ కొట్టే ముందు వరుస. బంతిని నా రెండు కాళ్ల మధ్య నుంచి పంపి, నా పక్కనుంచి తిరిగొచ్చి అందుకుని గోల్ కొట్టింది. అక్కడితో ఆగలేదు. వెనక్కి పరిగెత్తుతూ నా చెవి దగ్గర, "తలుపు తెరిచే ఉంచినవ్ గదా, థాంక్స్" అంది.

ఇప్పుడు నేను మళ్లీ ఆడతానో లేదో ఆ నోటి మీదే ఆధారపడింది.

అశోక్‌నగర్: గోడవారగా మంచం

అశోక్‌నగర్‌లో ఇళ్లకంటే హాస్టళ్లు ఎక్కువ. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు సర్కారు కొలువుల కోసం ఏళ్ల తరబడి అక్కడే ఉండి చదువుతారు. ప్రతి సందులో జిరాక్స్ షాపు, టీ బండి, కాలిబాట మీద గుట్టలుగా పుస్తకాలు. గోడలన్నిటి మీదా ర్యాంకులు కొట్టినవాళ్ల ఫోటోలు. ఫార్వర్డ్‌ల ఊరు అనుకున్నాను. వెనక నిలబడినవాళ్ల ముఖం ఒక్కటీ లేదు.

కొద్ది రోజులకు గది ఇచ్చే హాస్టల్ ఒకటి దొరికింది. యజమానురాలు అండాళమ్మ గారు గుమ్మంలో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు తుంపుతున్నారు.

"పేరేంది బిడ్డా?"

"సింహాచలం."

"మొగోని పేరు గదా!"

"మా వైపు ఆడవాళ్లకూ పెడతారండీ."

"గట్లనా. ఏం ప్రిపేర్ అయితున్నవ్? గ్రూప్సా, ఎస్సైయా?"

"ఫుట్‌బాల్ ఆడతానండీ."

"మంచిదే, స్పోర్ట్స్ కోటా కలిసొస్తది. మరి ఏం ప్రిపేర్ అయితున్నవ్?"

మా ఊళ్లో కొత్త ఆడపిల్ల కనిపిస్తే "ఎవరమ్మాయివి?" అంటారు. ఇక్కడ తండ్రి పేరు ఎవరికీ అక్కర్లేదు, ఏ పరీక్షో చెబితే చాలు. ఇడ్లీ బండి ఆయన కూడా పొట్లం కడుతూ అదే అడిగాడు. నాలుగు ఇడ్లీ నలభై రూపాయలు. చట్నీ ఒక్కటే, పల్లీలది. అల్లం చట్నీ ఏదని అడిగితే, "అది పెసరట్టుకే అక్కా, ఇడ్లీకి ఎవరేసుకుంటరు?" అని నన్నే వింతగా చూశాడు. మేం వేసుకుంటాం. దానికంత ముఖం పెట్టనక్కర్లేదు.

గదిలో రెండు మంచాలు. నాకిచ్చిన మంచానికి ఎడమవైపు గోడ ఉంది. అంటే పొద్దున లేస్తే కుడికాలు ముందు నేల మీద పెట్టాలి. ఆపరేషన్ అయినప్పటి నుంచి నేను ఎడమకాలితోనే మంచం దిగుతున్నాను. ఇంట్లో మంచం జరిపించుకున్నాను, బంధువుల ఇళ్లలోనూ జరిపించాను. ఇక్కడ మంచాలు గోడకు బిగించి ఉన్నాయి. కుదరదని కిందికి దిగి అండాళమ్మ గారితో వాదించాను. "హాస్టల్‌ల మంచం గూడ మర్లేసియ్యాల్నా?" అన్నారావిడ.

చివరికి గదిలో ఉన్న పిల్లే తన మంచం ఇచ్చింది. పేరు మౌనిక. నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లె. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతోంది, పరుగుకూ షాట్‌పుట్‌కూ పొద్దున్నే మైదానానికి వెళ్తుంది.

"ఏందక్కా, మంచానికి గూడ వాస్తు చూస్తవా?"

"వాస్తు కాదు, మోకాలు. ఆపరేషన్ అయింది."

"ఎప్పుడు?"

"ఏడాది కావస్తోంది."

"అయ్యో. ఇంకా నొస్తున్నదా?"

"నొప్పేటీ లేదు."

"మరి?"

నువ్వు చదువుకోమ్మా అన్నాను.

నారాయణగూడ: గుర్తుపట్టని ముఖం

నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర ఒక బట్టల దుకాణం మీద రజిత క్లినిక్. మెట్లెక్కుతూ జవాబులు సిద్ధం చేసుకున్నాను. "ఓ, నువ్వా!" అంటే ఇలా, "సారీ" అంటే ఇలా అని. రజిత జుట్టు కత్తిరించుకుంది, కాస్త ఒళ్లు చేసింది, గొంతు మాత్రం అదే. నన్ను తేరిపార చూసి, "కేరళ క్లబ్‌దానివి నువ్వేనా? చెప్పులిడిసి ఇట్ల పండుకో" అంది.

గుర్తుపట్టలేదు. తొమ్మిదేళ్లు నేను మోసిన ముఖానికి నా ముఖం తెలియదు! మొదటి అవమానం కంటే ఇదే పెద్దదనిపించింది.

మోకాలు వంచింది, లాగింది. ఒంటికాలి మీద గెంతమంది. చెక్కపెట్టె మీంచి దూకమంది. అన్నీ చేశాను.

"మోకాలు మస్తుగున్నది. ఆపరేషన్ జేసినాయన చెయ్యి మంచిది."

"అయితే క్లబ్‌కు ఫోన్ చేయండి."

"చెయ్య."

"ఎందుకండీ?"

"రేప్పొద్దుగాల చిక్కడపల్లికి కూరగాయలకు పోతున్న. నువ్వు గూడ రా."

"నేను కూరగాయలకు రాలేదండీ."

"నాకెర్కలేదా? జర రా, పరేషాన్ గాకు."

కోపంతో కిందికి దిగి, కనిపించిన ఇరానీ హోటల్లో కూర్చున్నాను. ఇక్కడొక ఆచారం ఉంది. బల్ల ఖాళీ లేకపోతే ఎవరి బల్ల దగ్గరైనా అడక్కుండా కూర్చుంటారు. మా ఊళ్లో అలా చేస్తే తగువైపోతుంది. నా ఎదుట తెల్ల గడ్డం పెద్దాయన ఒకరు కూర్చుని, సాసర్‌లో చాయ్ పోసుకుంటూ నా ట్రాక్ ప్యాంటు చూసి అడిగారు.

"పోలీస్ సెలక్షనా బేటా?"

"కాదండీ, ఫుట్‌బాల్."

"అరె! ఏ ప్లేస్?"

"డిఫెన్స్."

ఆయన సాసర్ కింద పెట్టేశారు. "నేను గూడ బ్యాకే. గప్పుడు బషీర్‌బాగ్ దిక్కు మస్తు ఆడెటోళ్లం. మా టీమ్ ఫోటోలు చానా ఉన్నయి. నేను ఒక్క దాంట్ల గూడ లేను. ఫోటో తీసెటోడు ఎప్పుడు గోల్ దిక్కే ఉంటుండె."

ఆ ఊళ్లో నన్ను అర్థం చేసుకున్న మొదటి మనిషి ఆయనే. నా చాయ్‌కి కూడా ఆయనే డబ్బులిచ్చారు, వద్దంటే వినలేదు. పేరు అడగడం మరిచిపోయాను.

చిక్కడపల్లి: లారీ మలుపు

మర్నాడు వెళ్లాను. వెళ్లకేం చేస్తాను? చిక్కడపల్లి సందుల్లో పొద్దుటి బేరాలు గట్టిగానే సాగుతున్నాయి. గుడికి పోయేవాళ్లు, పాల ప్యాకెట్ల స్కూటర్లు, లైబ్రరీకి పరుగెత్తే చదువుల పిల్లలు, పూల బుట్టలు. నడిచే చోటు జానెడే. రజిత వంకాయలు ఏరుతోంది, గోంగూర వాసన చూస్తోంది, కొన్నవన్నీ నా చేతిలోని సంచిలో వేస్తోంది. దేశంలో సగం ఊళ్లలో ఆడిన డిఫెండర్‌ని, ఇప్పుడు ఒక ఫార్వర్డ్‌కు సంచి మోస్తున్నానని లోలోపల ఉడికిపోయాను.

టమాటాల బండి దగ్గర ఆమె హఠాత్తుగా ఆగి నా వైపు తిరిగింది.

"ఇందాకటి సంది చూస్తున్న. ఎవరెదురొచ్చినా ఎడమకే జరుగుతున్నవ్. కుడికి తిరగాల్సొస్తే ఆగుతున్నవ్, రెండడుగులు ముందుకేస్తున్నవ్, అప్పుడు మొత్తం మనిషివి మర్లుతున్నవ్. లారీ లెక్క."

బండి ఆయన నవ్వాడు. అతని ముఖం కూడా గుర్తుపెట్టుకున్నాను.

"అలాంటిదేం లేదండీ," అన్నాను.

"నేను ఫార్వర్డ్‌ను సింహాచలం. ఏ డిఫెండర్ ఏ దిక్కు తిరగదో చూసుడే నా పనుండె. నిన్ను కూరగాయల బజార్లనే పట్టిన, కేరళల పిల్లలు పట్టరా? నీ కుడి పక్కకెల్లి పోతనే ఉంటరు. గప్పుడు నువ్వు బేకార్‌గా ఆగమాగం తిరుగుతవ్, మోకాలు మల్ల పోతది. కుడికి తిరిగే దాంక నేను ఫోన్ చెయ్య."

సంచి మోయించింది ఇందుకని అప్పుడు తెలిసింది. ఒప్పుకోలేదు, సంచి మాత్రం ఇంకో చేతికి మార్చుకున్నాను.

రజిత వాళ్లిల్లు ఆ పక్క సందులోనే. తాతల నాటి నుంచి అక్కడే ఉంటున్నారట. అన్నం పెట్టింది. పచ్చిపులుసు అని పోసింది. మా వైపు పులుసంటే పొయ్యి మీద గంటసేపు మరగాలి. ఇక్కడ చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి, పొయ్యి ముఖం చూపించకుండానే వడ్డిస్తారు. వంట చేయడానికి బద్ధకమనుకున్నాను. తరువాత మళ్లీ పోయించుకున్నాను. ఇంకోసారి కూడా.

చెయ్యి కడుక్కుని వస్తుంటే గోడ మీద ఫోటో కనిపించింది. పడుచు రజిత, గాల్లో కాలు, ముందు బంతి. ఫోటో అంచున ఎవరిదో మోచేయి. నీలం చొక్కా చేతికి తెల్ల చార, మోచేతి మీద పాత మచ్చ.

"ఈ మోచేయి నాది," అన్నాను.

"ఏ మోచెయ్యి?"

నా చొక్కా చేయి పైకి మడిచి మచ్చ చూపించాను. ఆమె ఫోటో దగ్గరికెళ్లి చూసింది, నా చేయి చూసింది. ఇక ఆగలేకపోయాను. ఆ మ్యాచ్, ఆ గోల్, నా చెవిలో అన్న మాట, అన్నీ కక్కేశాను. "తలుపు తెరిచే ఉంచావన్నారు. గుర్తు లేదా? థాంక్స్ అన్నారు!"

"నేనన్ననా? అనే ఉంట. నా నోరు అసుంటిది." మళ్లీ ఫోటో వైపు తిరిగింది. "అవునూ, ఆ మ్యాచ్ ఎవరు గెలిచిన్రు?"

"అది కాదండీ విషయం."

"చెప్పరాదు, ఎవరు గెలిచిన్రు?"

"మేమే. రెండు, ఒకటి."

రజిత కుర్చీలో కూలబడి నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "గెలిచి గూడ తొమ్మిదేండ్ల కోపమా! ఓడిపోయింటే నన్ను చంపుతుంటివా ఏంది?"

గెలిచామని మీకు నేను ముందు చెప్పలేదు. చెప్పనవసరం లేదనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను.

మైదానం

నారాయణగూడలో ఒక కాలేజీ మైదానం ఉంది, మర్నాడు రజిత నన్ను అక్కడికి రమ్మంది. పొద్దున అక్కడ ఎవరూ ఆటలు ఆడరు. అందరూ పోలీసు ఉద్యోగాల కోసం పరిగెత్తేవాళ్లే. ఒక మూల లాంగ్ జంప్ ఇసుక గుంట, ఇంకో మూల షాట్‌పుట్. మౌనిక, ఆమె స్నేహితురాళ్లు అక్కడే ఉన్నారు.

రజిత బంతి తెచ్చింది. "నేనొస్త, నువ్వాపు," అంది. అంతే పరీక్ష.

వచ్చింది. ఒళ్లు చేసినా కాళ్లలో పాత చురుకు పోలేదు. నా ఎడమవైపు వస్తున్నట్టు భుజం వంచి, కుడివైపు నుంచి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ కుడివైపే. ప్రతిసారీ నేను వెనక్కే జరుగుతున్నాను. తిరగాల్సిన క్షణంలో నా కాలు నేలకు అంటుకుపోతోంది. మోకాలి లోపల లిగమెంటు తెగిననాటి టప్ మనే చప్పుడు వినబడుతోంది. నొప్పి లేదు, చప్పుడే. ఆ చప్పుడు నాకు తప్ప ఎవరికీ వినబడదు, ఎవరికి చెబుతాను?

షాట్‌పుట్ పిల్లలు పని ఆపేసి చుట్టూ చేరారు. "అక్కా, గామె మళ్ల గటే పోతున్నది!" అని మౌనిక అరిచింది. నాకు తెలియదా!

సీజన్ పోయిందనుకున్నాను. రైల్లో ఇంటికి, ఆపైన ఏదో స్కూల్లో పీఈటీ ఉద్యోగం, పొడుగు పిల్లల్ని వెనక నిలబెట్టడం. అంతా కళ్ల ముందు తిరిగింది.

అప్పుడు రజిత బంతిని అరికాలి కింద ఆపి, నడుం మీద చేతులు పెట్టుకుని, మైదానమంతా వినబడేలా అంది:

"సింహాచలం! తలుపు ఇంకా తెరిచే ఉంచినవ్ గదా. థాంక్స్!"

పిల్లలు గొల్లున నవ్వారు.

ఆ తరువాత ఏం జరిగిందో నాకు వరసగా గుర్తు లేదు. ఆమె వచ్చింది. భుజం వంచింది. బంతి నా కుడివైపు వెళ్లింది. తరువాత బంతి ఎగిరి ఇసుక గుంటలో పడడం చూశాను. రజిత నేల మీద ఉంది. నేను నిలబడి ఉన్నాను, ఆమె వచ్చిన వైపు ముఖం పెట్టి కాదు, బంతి పోయిన వైపు.

ఎవరూ నవ్వలేదు. రజిత పడుకునే అడిగింది.

"ఏ కాలు మీద తిరిగినవ్?"

కిందికి చూశాను. ఎర్రమట్టిలో నా కుడి బూటు కింద గుండ్రంగా గుంత పడి ఉంది, బొంగరం తిరిగి ఆగిన చోటులాగా. మోకాలు వంచాను. చాపాను. చప్పుడు లేదు. ఇంకోసారి తిరిగాను, మెల్లగా, ఎవరూ రాకుండానే. ఏమీ కాలేదు.

అక్కడే కూర్చుండిపోయాను. ఏడాదిగా గుండెల మీద కూర్చున్నదేదో లేచి వెళ్లిపోయింది. ఏడుస్తున్నానని మౌనిక నీళ్ల సీసా తెచ్చేదాకా తెలియలేదు. ఆమె భుజం తట్టి, "ఊకోరాదక్కా, మంచిగ కొట్టినవ్ గదా," అంది. మ్యాచ్‌లో అడ్డుకున్నందుకు నా భుజం ఎవరూ అలా తట్టలేదు.

రజిత లేవకుండానే జేబులోంచి ఫోన్ తీసి కేరళకు కలిపింది. ఇంగ్లీషులో చెప్పాల్సినదంతా చెప్పి, పెట్టేశాక నాకు తెలుగులో చెప్పింది: "నువ్వు మంచిగున్నవని జెప్పిన. నేనే మంచిగ లేను, చూడు." మోచేయి చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. 

"మచ్చ పడుతుందండీ," అన్నాను.

"పడనీ. ఫోటోల గుర్తుపట్టొచ్చు."

ఆ తలుపు మాటకు బదులుగా తొమ్మిదేళ్లుగా అద్దం ముందు సాధన చేసిన జవాబు ఒకటి నా దగ్గర ఉంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. కానీ గుర్తు రాలేదు. హాస్టల్‌కు తిరిగొస్తుంటే గుర్తొచ్చింది. ఇంటికి తెచ్చేసుకున్నాను. కేరళలో ఎవరో ఒక ఫార్వర్డ్‌కు పనికొస్తుంది.

మళ్లీ అశోక్‌నగర్

హాస్టల్ గుమ్మంలో అండాళమ్మ గారు అదే కుర్చీలో ఉన్నారు. నా బట్టల నిండా మట్టి చూశారు.

"ఎగ్జామ్ ఎట్లయింది బిడ్డా?"

ఈసారి వాదించాలనిపించలేదు. "పాసయ్యాను ఆంటీ."

"నేను జెప్పలేదా, స్పోర్ట్స్ కోటా అని!" అంటూ లోపలికెళ్లి బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టారు. మొగోని పేరన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. నేనూ మరిచిపోలేదు.

ఆ రాత్రి మౌనిక మంచం మౌనికకు ఇచ్చేశాను. "వద్దక్కా, నీకు గోడ అడ్డమొస్తది," అంది. ఒక్క రాత్రికి ఏం కాదులే అన్నాను. పరుగుకు పొద్దున్నే లేవాలి కదా అని ఆమె లైటు తీసేసింది.

పొద్దున రైలుకు ఆలస్యమవుతోందని హడావుడిగా లేచాను. సంచి సర్దుకున్నాను, అండాళమ్మ గారికి తాళంచెవి ఇచ్చాను, ఇడ్లీ బండి ఆయనకు ఇంకోసారి అల్లం చట్నీ గురించి చెప్పాను. ఆటో ఎక్కి చిక్కడపల్లి దాటాక గాని తట్టలేదు, మంచం ఏ కాలితో దిగానో.